చివరి వరుసలో కూర్చున్న వాళ్ల కోసం: మన సంఘానికి ఒక బహిరంగ లేఖ

కాపరి గారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజానికి, యౌవనస్థులకు, ప్రతి ఆదివారం నా ముందూ వెనకా కూర్చునే తోటి విశ్వాసులందరికీ ప్రభువు పేరట వందనాలు.

ఈ మాటలు పెద్దలకు మాత్రమే చెప్పి ఊరుకోవచ్చు. రెండుసార్లు చెప్పాను కూడా. "నిజమే, చూద్దాం" అన్నారు. వాళ్ల మీద కోపంతో ఈ ఉత్తరం అందరికీ రాయడం లేదు. ఇది కమిటీలో తీర్మానం చేస్తే అయిపోయే పని కాదు, మనలో ప్రతి ఒక్కరి చేతా జరగాల్సిన పని. మనలాంటి చిన్న సంఘాలు ఇంకా ఎన్నో ఉన్నాయి, వాళ్లలో ఎవరికైనా అక్కరకొస్తుందేమో అని కూడా బహిరంగంగా రాస్తున్నాను.

కొన్ని నెలల కిందట ఒకామె, ఏడెనిమిదేళ్ల కూతురిని వెంటబెట్టుకుని మన ఆరాధనకు వచ్చింది. గుమ్మం పక్కన చివరి వరుసలో కూర్చుంది. పాట మొదలైంది. "మనందరికీ వచ్చిన పాటే" అని నంబరు చెప్పకుండానే ఎత్తుకున్నాం. ఆమె పాటల పుస్తకం తెరిచి విషయసూచికలో వేలు పెట్టి వెతుకుతోంది. మొదటి చరణం అయిపోయింది. రెండో చరణంలో కూతురు "ఏ పేజీ అమ్మా?" అని గుసగుసగా అడిగింది. మూడో చరణం వచ్చేసరికి ఆమె పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. నేను రెండు వరుసల ముందున్నాను, తల తిప్పి అంతా చూశాను. ఆ పాట నంబరు నాకు నోటికి వచ్చు. వెనక్కి వంగి చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. చెప్పలేదు. పక్కనున్న వాళ్లు చెబుతారులే అనుకున్నాను.

తర్వాత ప్రకటనలప్పుడు "కొత్తగా వచ్చినవాళ్లు లేచి నిలబడండి" అన్నాం. మైకు చేతికిచ్చాం. ఆమె తన పేరు చెప్పి, "మేము ఇక్కడికి కొత్తగా వచ్చాం" అని ఆగిపోయింది. ఇంకేం చెప్పాలో తెలియక మైకు ఎవరికివ్వాలా అని చుట్టూ చూసింది. మనం చప్పట్లు కొట్టాం. నిజంగా సంతోషంతోనే కొట్టాం, అందులో నటన లేదు. ఆశీర్వాదం అయ్యాక నలుగురైదుగురం వెళ్లి చేతులు కలిపాం, "మళ్లీ రండి" అన్నాం. ఆ తర్వాత ఎవరి గుంపులోకి వాళ్లం వెళ్లిపోయాం. ఆమె గుమ్మం దగ్గర వంగి కూతురి బూట్ల లేసులు విప్పి, మళ్లీ కట్టింది. లేసులు ఊడిపోలేదు. ఎవరైనా ఇంకో మాట మాట్లాడతారేమో అని కాస్త సమయం కోసం అలా చేసిందని నాకు చాలా రోజుల తర్వాత గానీ అర్థం కాలేదు.

నాలుగు ఆదివారాలు వచ్చింది. ఐదో ఆదివారం రాలేదు. రాలేదన్న సంగతి నేను గమనించడానికే ఇంకో రెండు వారాలు పట్టింది.

ఈ మధ్య అనుకోకుండా ఆమె కనబడింది. నేనే పలకరించి, మళ్లీ రావడం లేదేంటని అడిగాను. ఆమె నిష్ఠూరంగా ఏమీ మాట్లాడలేదు. "మీ చర్చిలో అందరూ మంచివాళ్లేనండీ. కానీ మీకు మీరు సరిపోయారనిపించింది" అంది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఎవరో మనల్ని తిట్టి ఉంటే సమాధానం చెప్పుకునేవాళ్లం. ఇది తిట్టు కాదు. ఆమె చూసింది చూసినట్టు చెప్పింది.

రోమా పత్రిక 15వ అధ్యాయం 7వ వచనం మన గోడ మీద కూడా రాసుకున్నాం: "మీరును ఒకనినొకడు చేర్చుకొనుడి." పలకరించుడి అని లేదు, చేర్చుకొనుడి అని ఉంది. పలకరింపుకు ఒక నిమిషం చాలు, మనలో ఏమీ మారక్కర్లేదు. చేర్చుకోవాలంటే మనం కాస్త జరిగి చోటివ్వాలి. మన కబుర్లలో, మన అలవాట్లలో, మన నిర్ణయాల్లో ఆ మనిషికి జాగా చేయాలి. మనం మొదటిది బాగా చేస్తున్నాం. రెండోది చేస్తున్నామని అనుకుంటున్నాం. ఈ లేఖలో నేను చెప్పాలనుకున్నది ఇదే.

నేను ఈ సంఘంలోకి వచ్చి 18 ఏళ్లయింది. నేనూ అలాగే, ఎవరూ తెలియకుండా వచ్చి చివర కూర్చున్నదాన్నే. మొదటి రోజున ఒక పెద్దావిడ తన చోటు వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంది. ఏ ప్రశ్నా అడగలేదు. పాట మొదలవగానే తన పుస్తకం మా ఇద్దరి మధ్య పెట్టి, పాడుతున్న లైను కింద వేలు జరుపుతూ వచ్చింది. చూపు మందగించిన మనిషి, ఆమెకు ఆ పుస్తకంతో పని లేదు, పాటలన్నీ కంఠస్థం. ఆ వేలు నా కోసమే. ఆరాధన అయ్యాక నన్ను వదిలి వెళ్లలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ తీసుకెళ్లి "ఈ అమ్మాయి మన దగ్గరికి వచ్చింది" అని చెప్పింది. నేను చర్చికి వచ్చానని ఆమె అనలేదు, మన దగ్గరికి అంది. మరుసటి ఆదివారం నాకోసం పక్కన చోటు ఉంచింది. సుమారు ఏడాది పాటు అలాగే చేసింది. ఆమె ఇప్పుడు ప్రభువు దగ్గర ఉంది. ఆమె నాకు చేసింది నేను ఎవరికీ చేయలేదన్న బాధతోనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆవిడ చేసింది కొత్త పని కాదు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చూడండి. తర్వాత పౌలుగా మనకు తెలిసిన సౌలు యెరూషలేము వచ్చి శిష్యుల్లో కలవాలని ప్రయత్నించాడు. అందరూ భయపడ్డారు, అతను శిష్యుడంటే నమ్మలేదు. వాళ్ల భయం అన్యాయమైనదీ కాదు, నిన్నటిదాకా విశ్వాసుల్ని ఇళ్లలో నుంచి ఈడ్చుకెళ్లిన మనిషి. ఆ పరిస్థితిలో సంఘమంతా కూర్చుని తీర్మానం చేసినట్టు అక్కడ లేదు. బర్నబా ఒక్కడు అతన్ని దగ్గరతీసి, తోడుండి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లి, అతని సంగతి తన నోటితో చెప్పాడు. సౌలు తన గురించి తానే లేచి మైకులో చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు. ఇంకా ముందుకెళితే 11వ అధ్యాయంలో మరో మాట ఉంది. సౌలు తార్సులో ఉండగా బర్నబా అతన్ని వెతకడానికి అంత దూరం వెళ్లాడు. దొరికాక అంతియొకయకు తీసుకొచ్చాడు. ఇద్దరూ ఒక ఏడాది పాటు ఆ సంఘంతో కలిసి ఉన్నారు. శిష్యుల్ని మొట్టమొదట క్రైస్తవులు అన్నది ఆ అంతియొకయలోనే.

దగ్గరతీయడం, తోడుకొని వెళ్లడం, కనబడకపోతే వెతుక్కుంటూ వెళ్లడం, ఏడాది పాటు కలిసి ఉండడం. మనం మొదటి ఆదివారంతో ఆపేస్తున్నాం.

పెద్దలకు నా మొదటి మనవి ఇది. కొత్తగా ఎవరొచ్చినా, ఆ రోజే ఒక కుటుంబాన్నో ఒక మనిషినో వాళ్లకు తోడుగా పెట్టండి. ఒక్క రోజుకు కాదు, కనీసం ఆరు నెలలకు. ఆరాధనలో పక్కన కూర్చోవడం, మిగతావాళ్లకు పరిచయం చేయడం, మధ్యలో ఒకసారి ఫోన్ చేయడం, రాని వారం ఏమైందో కనుక్కోవడం వాళ్ల బాధ్యత. అందరి పని అనుకుంటే ఏమవుతుందో ఆ పాట నంబరు విషయంలో నేను చూశాను. మనం ఆదివారం పూట 40 మందికి మించి ఉండం. ఇంత చిన్న సంఘంలో ఇది చేయలేం అంటే ఎవరూ నమ్మరు.

రెండోది, లేపి నిలబెట్టి మైకు ఇవ్వడం దయచేసి మానేద్దాం. కొందరికి అది ఇష్టమే కావచ్చు, వాళ్లు వాళ్లంతట వాళ్లే మాట్లాడతారు. కానీ ఏదో కష్టంలో ఉండి, ఎవరి కంటా పడకుండా కాసేపు దేవుని సన్నిధిలో కూర్చుందామని వచ్చిన మనిషికి ఆ మైకు ఎంత టెన్షనో ఆలోచించండి.

ప్రకటనల సంగతి కూడా చెప్పాలి, చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. "శుక్రవారం ఉపవాస ప్రార్థన ఎప్పటిలాగే, ఎప్పటి చోటే" అంటాం. ఎప్పటిలాగే అనేది ఎవరికి తెలుసు? మనకు. కొత్త మనిషి చెవికి ఆ మాట "ఇది మాలో మాకు" అన్నట్టే వినిపిస్తుంది. ఎన్ని గంటలకు, ఎవరి ఇంట్లో, ఎలా రావాలి, ఎవరికి ఫోన్ చేయాలి అని పూర్తిగా చెప్పడానికి ఇంకో అర నిమిషం పడుతుంది. ప్రతి పాటకూ నంబరు చెబుదాం, రెండుసార్లు చెబుదాం. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ముందు ఎవరు తీసుకోవచ్చో, తీసుకోనివాళ్లు ఏం చేయాలో కాపరి గారు ప్రతిసారీ రెండు మాటల్లో చెప్పాలని నా కోరిక. పళ్లెం తన దాకా వచ్చేసరికి తీసుకోవాలో వద్దో తెలియక ముఖం ఎర్రబడిపోయిన మనిషిని నేను కళ్లారా చూశాను. ఆ బల్ల దగ్గర ఎవరూ చిన్నబోకూడదు. కొరింథు సంఘంలో కలిసి తినేటప్పుడు ఒకరు ఆకలితో, ఒకరు మత్తుతో ఉంటున్నారని పౌలు అంత గట్టిగా మందలించింది బల్ల దగ్గర మనుషుల్ని పట్టించుకోకపోవడం గురించే కదా.

ఇక ఆరాధన అయ్యాక ఆ పావుగంట. నా లెక్కలో ప్రసంగమంత ముఖ్యమైన సమయం అది. ఆ పావుగంటలో మనం గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటాం. గుండ్రంగా నిలబడితే మన ముఖాలు లోపలికి, వీపులు బయటికి ఉంటాయి. బయట నిలబడ్డ మనిషికి కనబడేవి వీపులే. మనకు వారమంతా పడ్డ పాట్లు చెప్పుకోవడానికి దొరికేది ఆ కాసేపేనని నాకు తెలుసు, ఆ కబుర్లు నాకూ కావాలి. కానీ ఒక కట్టుబాటు పెట్టుకుందాం: ఆశీర్వాదం అయ్యాక మొదటి ఐదు నిమిషాలు మనకు బాగా తెలిసినవాళ్లతో మాట్లాడకూడదు. కొత్తవాళ్లు లేని రోజు, మన సంఘంలోనే మనం అంతగా మాట్లాడని వాళ్లతో మాట్లాడదాం. వాళ్లూ ఉన్నారు. ఏళ్ల తరబడి వస్తూ కూడా అంచున ఉండిపోయినవాళ్లు మనలో కనీసం ఐదారుగురు ఉన్నారని నా అంచనా. ఒంటరిగా వచ్చే వృద్ధులు, భర్త రాకపోయినా తాను వచ్చే భార్య, పెళ్లి కాలేదని ప్రతిసారీ ఒకే ప్రశ్న ఎదుర్కొనేవాళ్లు. సహవాసం అంటే వాళ్లు కూడా.

ఏం మాట్లాడాలి అంటారా? "ఎవరి తాలూకు? ఏ సంఘం నుంచి వచ్చారు? బాప్తిస్మం అయిందా? ఏం ఉద్యోగం?" ఇవి మనం చనువుతో అడిగే ప్రశ్నలే. వినేవాళ్లకు మాత్రం తూకం వేస్తున్నట్టు ఉంటుంది. యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి పాదపీఠం దగ్గర చోటు చూపించిన సంఘాన్ని నిలదీశాడు. మనం అలా చేయడం లేదని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగలమా? కారులో వచ్చిన కుటుంబం దగ్గరికి ఎంతమంది వెళతాం, నడిచి వచ్చిన మనిషి దగ్గరికి ఎంతమంది వెళతాం, వచ్చే నెల రోజులు మనమే గమనించుకుందాం.

గుమ్మం దగ్గర ఎవరుండాలన్నది కూడా మనం పెద్దగా ఆలోచించం. ఎవరికీ ఏ పనీ లేకపోతే ఆ పని అప్పజెబుతాం. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ అనే క్రైస్తవ సన్యాసి తన మఠం కోసం 73 అధ్యాయాల నియమావళి రాశాడు. అందులో 66వ అధ్యాయం గుమ్మం దగ్గరి మనిషితో మొదలవుతుంది. తెలివైన వృద్ధుణ్ని అక్కడ ఉంచాలంటాడు, మాట అందుకోవడం, మాట చెప్పడం తెలిసినవాణ్ని. అతని గది గుమ్మం పక్కనే ఉండాలి. ఎవరు తలుపు తట్టినా, బీదవాడు కేక వేసినా, వెంటనే "దేవునికి స్తోత్రం" అని పలకాలి. వచ్చింది ఎవరో తెలియకముందే స్తోత్రం. నాకు ఈ భాగం ఎంతో ఇష్టం. మన సంఘంలో ఓర్పూ, మాటలో నెమ్మదీ ఉన్న పెద్దవాళ్లు ఉన్నారు. ప్రార్థనలు నడిపించలేం, మెట్లెక్కలేం అని వాళ్లు వెనక్కి తగ్గుతున్నారు. గుమ్మం దగ్గర ఒక కుర్చీ వేసి ఆ సేవ వాళ్లకు ఇవ్వండి.

నేను ఇవి చెప్పినప్పుడు ఒకరు అన్నారు, "అందర్నీ అలా చేర్చేసుకుంటే మోసగాళ్లు రారా? పిల్లలున్న చోటు కదా?" అని. ఆ భయం తీసిపారేసేది కాదు. పిల్లల దగ్గర ఎవరుండాలి అన్నదాంట్లో కచ్చితంగా ఉండాల్సిందే. కొత్తవాళ్లయినా పాతవాళ్లయినా సండే స్కూల్లో ఒక్కరే పెద్దవాళ్లు పిల్లలతో ఉండకూడదన్న నియమం మనం ఎప్పుడో పెట్టుకోవాల్సింది. డబ్బు సాయం అడిగితే ఎవరికి వాళ్లు ఇవ్వకుండా పెద్దల దగ్గరికి తీసుకెళ్లడం మంచిది. ఆది సంఘానికీ ఈ చిక్కు వచ్చింది. దిదాఖే అనే చాలా పాత సంఘ నియమాల పుస్తకంలో దీని గురించి సూటిగా ఉంది: ప్రభువు పేరట వచ్చే ప్రతివాణ్నీ చేర్చుకోండి, తర్వాత పరీక్షించి తెలుసుకోండి. బాటసారి అయితే రెండు మూడు రోజులు ఉండనివ్వండి. స్థిరపడాలనుకుంటే, చేతిపని తెలిసినవాడైతే, పని చేసుకుని తినాలి. వరస గమనించండి. ముందు చేర్చుకోవడం, తర్వాత పరీక్ష. మనం పరీక్ష అయ్యాక చేర్చుకుందాం అనుకుంటున్నాం, ఆ పరీక్ష ఎప్పటికీ పూర్తి కావడం లేదు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. చేర్చుకోవడం అంటే బాధ్యత ఇవ్వడం కూడా. మన కమిటీలో, పాటల బృందంలో, సండే స్కూల్లో ఉన్నవాళ్లలో గత పదేళ్లలో వచ్చినవాళ్లు ఎంతమంది? నేను వేళ్ల మీద లెక్కపెట్టాను, ఒక్క చెయ్యి చాలింది. అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రకు రోజువారీ పంపకంలో సరిగా అందడం లేదని సణుగు బయలుదేరింది. అపొస్తలులు ఆ సణుగును నోరు మూయించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. నీకొలాసు అయితే అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో చేరినవాడు. తమకు అందడం లేదని చెప్పుకున్న వాళ్ల వైపు మనుషుల చేతికే పంపకం అప్పగించారని ఆ పేర్లు చూస్తే నాకు అనిపిస్తుంది. ఆ తర్వాత 7వ వచనంలో శిష్యుల సంఖ్య విస్తరించిందని ఉంది.

పాతవాళ్లకు ఇది నొప్పిగా ఉంటుందని తెలుసు. ఈ గోడలకు ఇటుకలు మోసినవాళ్లు మీరు. జనం లేని రోజుల్లో కూడా తలుపులు తెరిచి ఉంచింది మీరు. మీ చోటు ఎవరూ తీసుకోవడం లేదు. కానీ యోహాను మూడో పత్రికలో ఇద్దరు మనుషులున్నారు. గాయు, పరదేశులైన సహోదరులకు సాయం చేశాడని మెప్పు పొందినవాడు. దియొత్రెఫే, ముందుండాలని కోరుకుని, వచ్చిన సహోదరుల్ని చేర్చుకోక, చేర్చుకోబోయిన వాళ్లను కూడా అడ్డుకున్నవాడు. ఇద్దరూ సంఘంలోని వాళ్లే. ఆ పత్రిక చదివినప్పుడల్లా నేను ఎవరి పక్కన నిలబడ్డానా అని నాకు వణుకు పుడుతుంది.

రాని వాళ్ల సంగతి చెప్పి ముగిస్తాను. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో ఉన్న జస్టిన్ అనే విశ్వాసి చక్రవర్తికి ఒక విజ్ఞాపన రాసుకున్నాడు. క్రైస్తవులు ఆదివారం ఏం చేస్తారో అందులో వివరించాడు. వాక్యం చదవడం, బోధ, ప్రార్థన, రొట్టె. అంతటితో ఆగలేదు. ఆ రోజు రాలేని వాళ్లకు పరిచారకులు వాళ్ల వంతు తీసుకెళ్లి ఇస్తారని రాశాడు. పోగైన కానుక అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవాళ్లకు, ఊరికి కొత్తగా వచ్చి తమ మధ్య ఉంటున్న పరదేశులకు వెళ్తుందని రాశాడు. అంటే ఎవరు రాలేదో వాళ్లకు తెలుసు. మన దగ్గర కానుకల లెక్కకు పుస్తకం ఉంది, పైసాతో సహా ఉంటుంది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నదానికి పుస్తకం లేదు. ఒకటి పెడదాం. హాజరు వేసి నిలదీయడానికి కాదు, సోమవారం ఎవరికి ఫోన్ చేయాలో తెలియడానికి. ఆ పుస్తకం రాసే పని నాకు ఇవ్వమని పెద్దల్ని అడుగుతున్నాను.

వచ్చే కమిటీ మీటింగ్‌లో సౌండ్ సిస్టమ్ రిపేరు, గోడల సున్నం ఉన్నాయని విన్నాను. అవి కావాల్సినవే. ఈ లేఖలో అడిగినవి వాటికన్నా ముందు మాట్లాడండి. డబ్బు ఖర్చు లేని పనులు కాబట్టి త్వరగానే తేలిపోవచ్చు.

ఆమెతో మళ్లీ మాట్లాడాను. ఈ ఆదివారం కూతురితో వస్తానంది, మాట ఇవ్వలేదు కానీ వస్తానంది. మూడో వరుసలో కిటికీ పక్కన నేను ఇన్నేళ్లూ కూర్చున్న చోటు ఖాళీగా ఉంటుంది, ఎవరైనా కూర్చోవచ్చు. నేను గుమ్మం పక్కన చివరి వరుసలో ఉంటాను, నా పక్కన రెండు కుర్చీలు పట్టి ఉంచుతాను. పాటల బృందం వాళ్లు మాత్రం దయచేసి నంబర్లు చెప్పండి.

ప్రభువునందు మీ సహోదరి